మాస్కుల రిజిస్టరు

3, సోమవారం

ఈ నోట్‌బుక్ నాది కాదు. దగ్గు ఎప్పుడెప్పుడు వస్తోందో, ఎంతసేపు ఉంటోందో రాసుకోమని డాక్టరమ్మ చెబితే వదిన అన్నయ్య కోసం కొనుక్కొచ్చింది. అన్నయ్య మొదటి పేజీలో "బాగానే ఉంది" అని రాసి, దిండు కిందకి తోసేశాడు. రెండు వారాలు అక్కడే పడి ఉంది. ఊరికే పోనివ్వడం దేనికని నేను తీసుకున్నా. ఇందులో ఏం రాసినా "నీకెందుకమ్మా ఇవన్నీ" అనేవాళ్ళుండరు.

ఇవాళ మా రాళ్ళు కోసే షెడ్డులో రిజిస్టరు తెచ్చారు. నేను వంటింటి గట్టు రాయికి అంచు నున్న పడుతున్నా. సగంలో ఉండగా సూపర్‌వైజరు మెషిన్ ఆపమని చెయ్యి ఊపాడు. పదిహేను మందినీ వరసలో నిలబెట్టి పెన్ను చేతికిచ్చాడు. తేదీ, పేరు, ఆ పక్కన అచ్చు వేసిన మాట: "రక్షణ మాస్కు ఇచ్చారు, పెట్టుకునే పద్ధతి నేర్పించారు." ఆ పక్కన సంతకం. తేదీలు రెండేళ్ళ వెనక నుంచి ఉన్నాయి. నెలకొకటి.

అందరూ పెట్టేస్తున్నారు. కటింగ్ మెషిన్ దగ్గర పనిచేసే, అందరూ గడ్డం అని పిలిచే ఆయనైతే నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా, బళ్ళో కాపీ రాసినట్టు, పేజీ తర్వాత పేజీ పెట్టుకుంటూ పోయాడు.

నా వంతు వచ్చింది. "ఎవరు నేర్పారండీ?" అన్నా.

"ఏంటి?"

"పద్ధతి."

"మాస్కు పెట్టుకోడానికి పద్ధతేంటమ్మా. చెవులున్నాయిగా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వుదును, ఆ ఇచ్చేది మాస్కయితే. వారానికొక నీలం గుడ్డ. ముక్కుకి అడ్డంగా వేలాడుతుంది, బుగ్గల పక్కన వేలు దూరేంత సందు. సాయంత్రం తీస్తే ముక్కు లోపలంతా తెల్లగా.

"నేను పెట్టను," అన్నా.

"అందరిలాగా చదవకుండా పెట్టేయచ్చుగా."

"చదివేశానుగా సార్. అదే వచ్చిన చిక్కు."

4, మంగళవారం

ఇవాళా పెట్టలేదు.

6, గురువారం

సగం పూట సెలవు పెట్టి అన్నయ్యని ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళా. ఇరవై రెండేళ్ళు అదే షెడ్డులో రాయి కోసిన మనిషి. పెద్ద పలక ఒక్కడే అంచు పట్టుకుని లేపేవాడు. ఇప్పుడు ఆటో దిగి గేటు దాటేలోపు రెండుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా ఏదో చూస్తున్నట్టు నటిస్తాడు. ఒకసారి గోడ మీది బోర్డు, ఒకసారి ఎవరిదో స్కూటరు. నేనూ ఆ స్కూటరు వంకే చూశా.

డాక్టరమ్మ చెప్పింది పోయినసారి చెప్పిందే. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము. దిగినది బయటికి రాదు. షెడ్డు మొహం చూడకూడదు.

అన్నయ్యని ఊదుడు పరీక్షకి తీసుకెళ్ళారు. నేను బయట బల్ల మీద కూర్చుంటే అక్కడి సిస్టర్ నా తల వంక చూసింది. జుట్టంతా దుమ్ము. "నువ్వూ అక్కడేనా?" అంది. అవునన్నా. గొప్పగా సంచీలోంచి నా ఎన్95 తీసి చూపించా. నిన్ననే ఫుట్‌పాత్ మీద కొన్నది.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎన్95 అని అచ్చు వేయించడానికేం, నేను నీ నుదుటి మీద కూడా వేయిస్తాను. కంపెనీ పేరేది? అనుమతి నంబరేది? చెవులకి తగిలించేది నీ పనికి ఆగదమ్మా. బుగ్గల దగ్గర వదిలేస్తుంది."

సొరుగులోంచి అసలుది తీసింది. గిన్నెలా ఉంది, వెనక రెండు పట్టీలు. లోహపు పట్టీ ఉన్న వైపు ముక్కు మీదికి. ముందు గడ్డం కింద ఆనించి ముక్కు మీదికి ఎత్తాలి. పై పట్టీ తల మీద, వెనక వైపు ఎత్తుగా. కింది పట్టీ చెవుల కింద నుంచి మెడ వెనక్కి. రెండూ ఒకదాని మీదొకటి పడకూడదు. ముక్కు దగ్గర ఒక చేత్తో పట్టకారులా నొక్కేస్తే మధ్యలో వంపు తిరిగి పక్కన సందు వస్తుందిట. రెండు చేతుల వేళ్ళతో మధ్య నుంచి పక్కలకి అదుముకుంటూ పోవాలి. తర్వాత రెండు అరచేతులూ కప్పి ఊదాలి. కళ్ళ వైపు గాలి తగిలినా, కళ్ళజోడు మసకబారినా సరిగా కూర్చోలేదన్నట్టే, మళ్ళీ మొదటి నుంచి.

నాకు ఐదోసారికి కుదిరింది. అన్నం తినేటప్పుడు గడ్డం కిందకి లాగేయకూడదు. తీసేటప్పుడు ముందు కింది పట్టీ, తర్వాత పైది, ముందు భాగం ముట్టుకోకుండా. ఉతకకూడదు. తడిసినా, నలిగినా, ఊపిరి బరువుగా ఆడినా పారేయాలి.

"ఇది ఆఖరి గోడ," అంది సిస్టర్. "ముందు బ్లేడు మీద నీళ్ళు పడాలి, దుమ్ము లాగే మెషిన్ ఉండాలి. అవేవీ లేకుండా మాస్కే కాపాడుతుందని కూర్చోకు. నీ ఎక్స్‌రే ఎప్పుడు తీయించావ్?"

నాకెందుకన్నా. నాకేం లేదు. పొద్దున లేవగానే గొంతు గరగరమంటుంది, అది ఫ్యాన్ గాలి.

8, శనివారం

రక్షణ సామాన్ల షాపులో సిస్టర్ రాసిచ్చిన రకం మూడు కొన్నా. ఒకటి పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళేసరికి నాకు కొంగ అని పేరు పడింది. పదింటికల్లా టీ పోసే ఆవిడ కూడా "కొంగమ్మా, టీ" అంటోంది. పడితే పడనీ. కొంగకి ముక్కు ఉంటుంది, వీళ్ళకి త్వరలో అది కూడా పనిచేయదు.

సూపర్‌వైజరు వచ్చి "కస్టమర్లు చూస్తే ఇక్కడేదో ప్రమాదం ఉందనుకుంటారు" అన్నాడు.

"ఉందిగా," అన్నా.

భోజనాల దగ్గర గడ్డం నా పక్కకి జరిగాడు. "చెల్లెమ్మా, దాంట్లో ఊపిరాడుతుందా?" కొత్తది తీసి ఇచ్చి, సిస్టర్ చెప్పినట్టే పెట్టించా. ఊదమన్నా. ఊదాడు. గాలి చక్కగా గడ్డం పొదల్లోంచి బయటికొచ్చేసింది. వెంట్రుకలు ఊగాయి కూడా.

"గడ్డం తీస్తే గానీ ఇది అంటుకోదన్నా."

"పద్దెనిమిదేళ్ళ గడ్డం ఇది."

"ఊపిరితిత్తులు ఎన్నేళ్ళవి?"

టిఫిన్ డబ్బా మూతపెట్టి లేచి వెళ్ళిపోయాడు. అలా అనకుండా ఉండాల్సింది. అన్నాను. ఏం చేస్తాం.

10, సోమవారం

గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరినో ఆపి "ఎవరు కావాలి" అని అడుగుతున్నాడు. చూస్తే గడ్డం. గడ్డం లేదు. కళ్ళ కింద వరకూ ఎండకి మాడిన మొహం, అక్కణ్ణించి కింద పసిపిల్లాడి మొహం. ఎవరో రెండు మొహాలు కోసి అతికినట్టుంది. వాళ్ళావిడ తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసేసుకుందట.

"నవ్వుకోండి," అన్నాడు మాతో. "అందరూ ఒకేసారి నవ్వేస్తే నేను పనిలోకి పోతాను."

మాస్కు పెట్టుకుని ఊదాడు. ఒక్క వైపు నుంచి కూడా గాలి రాలేదు. ఈ పుస్తకంలో మాత్రం ఆయన్ని గడ్డం అనే రాస్తా. ఇంకో పేరు నాకు రాదు.

12, బుధవారం

పని నుంచి వచ్చేసరికి అన్నయ్య మంచం పక్కన రెండు టీ గ్లాసులు. వదిన మందులకి వెళ్ళింది. ఎవరొచ్చారంటే పక్కింటాయన అన్నాడు. పక్కింటి వాళ్ళు నాలుగు రోజులుగా ఊళ్ళో లేరు, తాళం వేలాడుతోంది.

పాపం మతిమరుపు ఎక్కువవుతోంది. మందుల వల్ల అయి ఉంటుంది.

13, గురువారం

అన్నయ్య ఉన్నట్టుండి "ఆ సంతకమేదో పెట్టేయరాదూ" అన్నాడు. "ఒక గీతేగా."

"నీకెవరు చెప్పారు నేను పెట్టలేదని?"

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేనే ఎప్పుడో చెప్పి ఉంటా.

గొంతు ఇవాళా అలాగే ఉంది. కుండలో నీళ్ళు మరీ చల్లగా ఉంటున్నాయి, అందుకే.

18, మంగళవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి నా మనసు దీన్ని సర్దేసుకుంటుంది. దాని సంగతి నాకు తెలుసు.

పొద్దున వెళ్ళేసరికి షెడ్డు కడిగి ఉంది. బ్లేళ్ళ మీదికి కొత్త నీళ్ళ గొట్టాలు. బల్ల మీద అట్టపెట్టె, దాని నిండా అసలు మాస్కులు, సరిగ్గా సిస్టర్ చూపించిన రకం. ఇన్‌స్పెక్టరు వస్తోందట. సూపర్‌వైజరు చేతులు నలుపుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"నీకొచ్చుగా. పదినిమిషాల్లో అందరికీ చూపించెయ్యమ్మా."

"చూపిస్తా సార్. ఇవాళ్టి తేదీ వేసి, ఇవాళే మొదటిసారి నేర్పుతున్నామని రిజిస్టరులో రాయండి. రాసిన నిమిషం నుంచి చూపిస్తా."

గుడ్లురిమి చూశాడు. తర్వాత తనే పెట్టె ముందు నిలబడి, తనకి తోచినట్టు చెప్పాడు. మావాళ్ళు నా వంక చూశారు. వాళ్ళు చూస్తుంటే నేను రాయి తుడుస్తూ నిలబడ్డా. అది సరైన పనేనా అంటే, నాకిప్పటికీ తెలియదు.

ఇన్‌స్పెక్టరు మేడమ్ పొట్టిగా, భుజాన సంచీతో, ఒక్కతే వచ్చింది. వెనకాల ఓనరు. గుమ్మం దగ్గరే ఆగి తన మాస్కు తను పెట్టుకుని, అరచేతులు కప్పి ఊదుకుంది. అది చూడగానే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఒక్కొక్కరి ముందూ ఆగింది. ఒకాయనకి లోహపు పట్టీ గడ్డం కిందుంది. డ్రిల్లు దగ్గరాయనకి రెండు పట్టీలూ మెడకే. ఇంకొకావిడ కింది పట్టీ కత్తిరించి పారేసింది, అడ్డంగా ఉందని. మేడమ్ ఎవర్నీ ఏమీ అనలేదు. రిజిస్టరు అడిగింది. పేజీలు తిప్పింది.

"రెండేళ్ళ నుంచి నెలనెలా నేర్పిస్తున్నారన్నమాట."

సూపర్‌వైజరు ఓనరు వంక చూశాడు.

"సరిగ్గా పెట్టుకున్నది ఇద్దరే. అందులో ఈమె పేరు ఈ పుస్తకంలో ఎక్కడా లేదే?"

"లేదండి," అన్నా. "నాకు నేర్పింది ఆసుపత్రి సిస్టర్. ఆయనకి నేర్పింది నేను."

అప్పుడు ఓనరు ముందుకొచ్చాడు. గొంతు తేనెలా ఉంది. "ఆమెకి మా మీద కోపం మేడమ్. వాళ్ళన్నయ్యకి జబ్బు చేసింది. మేం ఇచ్చింది వాడుకోక ఒళ్ళు పాడుచేసుకున్నాడు. ఆయనే ఒప్పుకుని రాసిచ్చాడు." ఫైల్లోంచి కాగితం తీశాడు.

మేడమ్ చదివి నా చేతికిచ్చింది. "కంపెనీ నాకు మంచి మాస్కులు ఇచ్చింది. నిర్లక్ష్యం కొద్దీ నేనే వాడలేదు." అక్షరాలు ఎవరివో. కింద సంతకం అన్నయ్యది. తేదీ పన్నెండు. రెండు టీ గ్లాసులు.

"ఇది మీ అన్నయ్య సంతకమేనా?"

కాదని చెప్పేయచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదిహేను రోజులుగా దొంగ సంతకాల మీద పోట్లాడుతున్న దాన్ని, నేనే ఒక అబద్ధం చెబితే ఇంక నాకేం మిగులుతుంది.

"ఆయన సంతకమేనండి."

"అందులో రాసింది?"

"నిజం కాదు."

"మరి ఎందుకు పెట్టారు?"

"నాకు తెలియదండి. ఆయన్నే అడగండి."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. చెప్పులు కూడా విప్పకుండా అన్నయ్య మంచం ముందు నిలబడ్డా.

"నిన్ను తీసేస్తామన్నారే," అన్నాడు. అడక్కుండానే. "సంతకం పెడితే నీ పని నీకుంటుందన్నారు. మీ ఆయన వదిలేసి వెళ్ళిన ఏడాది నిన్ను ఆ దుమ్ములోకి తీసుకెళ్ళింది నేను. ఆ పనైనా నీకు మిగలాలిగా."

"నీ ఊపిరి తీసుకున్నది చాలక, తప్పు నీదేనని నీ చేతే ఒప్పించుకున్నారు. అదైనా తెలుస్తోందా నీకు?"

వదిన పొయ్యి కట్టేసి వచ్చింది. వదినకి ఇదే మొదటిసారి వినడం. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఇవాళా గట్టిగా మాట్లాడలేదు.

"ఇరవై రెండేళ్ళు ఈయన మొహానికి కట్టుకున్న చేతిగుడ్డలు ఉతికింది నేను," అంది. "బకెట్లో వేస్తే అడుగున పిండిలా దిగేది. ఒక్కనాడైనా మాస్కన్నది ఈ ఇంటికి రాలేదు. వాళ్ళిచ్చారని మీరు రాసిస్తే, మరి నేను ఉతికిందేంటి?"

అన్నయ్య దగ్గాడు. చాలాసేపు.

20, గురువారం

రేపటి నుంచి రావద్దన్నారు. కబురు చేస్తారట. సరేనన్నా. ఏడుస్తాననుకున్నట్టున్నారు, నిలబడి చూశారు. నా సబ్బు పెట్టె, గ్లాసు, మూడో మాస్కు తెచ్చేసుకున్నా.

అన్నయ్యతో మాట్లాడటం లేదు. మందులు ఇస్తున్నా, నీళ్ళు ఇస్తున్నా. మాట ఇవ్వట్లేదు.

22, శనివారం

ఎక్స్‌రే తీయించుకున్నా. ఖాళీగా ఉన్నానుగా, ఊరికే.

పనిలో పనిగా సిస్టర్‌ని అడిగా, అన్నయ్య బయటికి వచ్చేటప్పుడు ఆ మాస్కు పెట్టనా అని. వద్దంది. దాంట్లోంచి గాలి లాగేంత బలం ఆయనకిప్పుడు లేదట. పెట్టుకోవాల్సిన నాడు ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తే పెట్టుకోలేడు. మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చా.

25, మంగళవారం

రెండు వైపులా పైన చిన్న చిన్న మచ్చలు. మొదటి దశ.

ఫ్యాన్ గాలి కాదు.

26, బుధవారం

నిన్న రాసింది రాత్రే వదినకి చెప్పా. అన్నయ్యకి చెప్పొద్దన్నా. ఈ రెండు గదుల ఇంట్లో ఎవరికి వినపడకుండా ఉంటుంది.

పొద్దున లేచేసరికి అన్నయ్య చొక్కా వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఆ మేడమ్ ఆఫీసు ఎక్కడ?" అన్నాడు.

రెండో అంతస్తు. లిఫ్ట్ పనిచేయట్లేదు. నేను పైకెళ్ళి ఆవిడని కిందికి పిలుచుకొస్తానన్నా. ఎనిమిది రోజుల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

"వాళ్ళు నన్ను మంచం మీద కూర్చోబెట్టి రాయించుకున్నారు," అన్నాడు. "ఇది నేను నడిచెళ్ళి చెబుతాను."

నాలుగేసి మెట్లకి ఒకసారి ఆగాం. ఈసారి ఏదో చూస్తున్నట్టు నటించలేదు. కమ్మీ పట్టుకుని, నోరు తెరిచి, బాహాటంగా ఆయాసపడ్డాడు. దిగేవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. వదిన ప్లాస్టిక్ సంచీలో అరిగిపోయిన రెండు చేతిగుడ్డలు పట్టుకుని వెనక వచ్చింది. సాక్ష్యమట.

మేడమ్ అన్నీ విని రాసుకుంది. చివర్లో అడిగింది, "ఇలా చెప్పమని మీకెవరైనా నూరిపోశారా?"

"మా చెల్లెలు వారం పైగా నాతో మాట్లాడట్లేదండి," అన్నాడు. "ఇంక నూరిపోసేది ఎక్కడ."

మేడమ్ నవ్వు ఆపుకుంది. వదిన ఆపుకోలేదు.

4, శుక్రవారం

షెడ్డు మూయించారు. ఆ రోజు తగిలించిన గొట్టాలు కాదు, సరైన నీళ్ళ లైన్లు, దుమ్ము లాగే మెషిన్లు పెట్టేదాకా రాయి కోయకూడదట. డ్రిల్లు దగ్గరాయన బజారులో ఎదురుపడి "నీ పుణ్యమా అని ఇంట్లో కూర్చున్నాం" అన్నాడు. ఆయన కోపం అబద్ధం కాదు. ఎక్స్‌రే తీయించుకోమన్నా. మొహం తిప్పుకుని పోయాడు.

5, శనివారం

డ్రిల్లు దగ్గరాయన వాళ్ళావిడ వచ్చి ఆసుపత్రి ఎటు అని అడిగి వెళ్ళింది.

10, గురువారం

గడ్డం వచ్చాడు. కూర్చోకుండానే చెప్పాడు. షెడ్డు తెరుస్తున్నారు. కొత్త రిజిస్టరు, మళ్ళీ సంతకాలు. అందరికంటే ముందు గడ్డం పెన్ను కింద పెట్టాడట. "కొంగ వచ్చి నేర్పిస్తే పెడతాం" అన్నాడట. తర్వాత ఒక్కొక్కరూ పెట్టకుండా పక్కకి జరిగారట. పద్నాలుగు మందీ. డ్రిల్లు దగ్గరాయన కూడా.

"నేను మెషిన్ మీదికి వెళ్ళకూడదన్నా. డాక్టరమ్మ ఒప్పుకోదు."

"మెషిన్ ఎవరడిగారు. గుమ్మం బయట గదిలో కూర్చో. ఎవడు సరిగ్గా పెట్టుకోకపోయినా లోపలికి పోనివ్వకు. ఓనరు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా, మేడమ్ పక్కనే ఉంది."

వెళ్తున్నానని వదినతో చెప్పా. అన్నయ్య వింటూ ఉన్నాడు. "పట్టీలు చూడు ముందు," అన్నాడు, నాకేదో తెలియనట్టు.

14, సోమవారం

మొదటి రోజు. పొద్దున్నే పద్నాలుగు మంది చేతా పెట్టించి, ఊదించి, పంపించా. ఒకావిడ మొహం చిన్నది, చిన్న సైజు తెప్పించేదాకా లోపలికి పంపనన్నా. సూపర్‌వైజరు గొణిగి వెళ్ళి తెచ్చాడు.

పదకొండింటికి ఓనరు వచ్చాడు, రాయి చూపించడానికి భార్యాభర్తలిద్దరిని వెంటబెట్టుకుని. మాట్లాడుకుంటూ నేరుగా తలుపు దగ్గరికి నడిచాడు. నేను లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డా.

"మాస్కు పెట్టుకోండి సార్."

"రెండు నిమిషాలు. చూపించి వచ్చేస్తాం."

"రెండు నిమిషాలైనా సరే సార్."

"ఇది ఎవరి షెడ్డో తెలుసా నీకు?"

"తెలుసండి. మీదే." కదల్లేదు. వీపు తలుపుకి ఆనించా.

తలుపు పక్క అద్దం వెనక నుంచి గడ్డం చూశాడు. తన మెషిన్ ఆపాడు. పక్క మెషిన్ ఆగింది. తర్వాత డ్రిల్లు. అన్నీ ఆగిపోయాక లోపల నీళ్ళు కారుతున్న చప్పుడొక్కటే వినిపించింది. పద్నాలుగు మందీ అద్దం వైపు తిరిగారు.

వచ్చిన ఆవిడ చెయ్యి చాపింది. "నాకొకటి ఇవ్వమ్మా, ఎలాగో చూపించు." చూపించా. వాళ్ళాయనకీ చూపించా. రెండోసారికే కుదిరింది.

ఓనరు అప్పటికీ నిలబడే ఉన్నాడు. నేను ఒకటి తీసి చేతికిచ్చా. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కస్టమర్లకి వినపడకుండా, చిన్నగా అడిగాడు.

"ఏది పైకి?"

చూపించా. పెట్టుకున్నాడు. ఊదమన్నా. కళ్ళ దగ్గర గాలి పోతోంది.

"మళ్ళీ మొదటి నుంచి సార్."

నాలుగోసారికి సరిగ్గా కూర్చుంది. అప్పుడు తలుపు తీశా.